లోయర్ గుక్‌లో శవం ఉండిపోయింది, ఇంకా నాలుగు రోజులే టైముంది. దారి చెప్పండి

గుక్_బాటసారి (ఆదివారం, రాత్రి 10:40)

అందరికీ నమస్కారం. నేనాడేది ఎవర్‌క్వెస్ట్ అనే ఆన్‌లైన్ ఆట, ప్రాజెక్ట్ 1999 వాళ్ళ గ్రీన్ సర్వర్. ఇందులో చస్తే సామాన్లన్నీ శవం మీదే ఉండిపోతాయి, 7 రోజుల్లో తెచ్చుకోకపోతే శవంతో పాటే పోతాయి. నాది 34వ లెవెల్ హ్యూమన్ వారియర్. మొన్న గురువారం పొద్దున లోయర్ గుక్ అనే గుహలో, చచ్చి లేచిన ఘూల్స్ ఉండే డెడ్ సైడ్‌లో, ఫ్రెంజీడ్ ఘూల్ గదికి వెళ్ళే కారిడార్‌లో గ్రూప్ మొత్తం పోయాం. మాకు వైద్యం చేసే క్లెరిక్‌కి మనా (మంత్రశక్తి) అయిపోయిన సమయంలోనే ఎవరో లోపలి నుంచి పరిగెత్తుకుంటూ ట్రైన్ (వెంటపడే రాక్షసుల గుంపు) తెచ్చారు. ఏడెనిమిది ఘూల్స్ ఒకేసారి మీద పడ్డాయి. మిగతావాళ్ళు ఆ రోజే శవాలు తెచ్చుకున్నారు. నాకు ఆఫీస్ కాల్ ఉండి లాగౌట్ అవ్వాల్సి వచ్చింది.

నా బైండ్ (చచ్చాక తిరిగి లేచే చోటు) ఫ్రీపోర్ట్‌లో ఉంది. అక్కడి నుంచి నార్త్ రో, ఒయాసిస్, సౌత్ రో, ఇన్నోథూల్, అప్పర్ గుక్, ఇన్ని జోన్లు (ఆటలోని ప్రాంతాలు) దాటాలి. ఒంటి మీద నూలుపోగు లేదు. రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి ఒయాసిస్‌లో శాండ్ జెయింట్ చంపేసింది. రెండోసారి ఒక ఎన్‌చాంటర్ ఇన్విజిబిలిటీ (కనపడకుండా చేసే మంత్రం) వేస్తే లోయర్ గుక్ దాకా వెళ్ళగలిగాను కానీ మొదటి మలుపులోనే ఘూల్ పట్టేసుకుంది. ఎక్స్‌పీ (అనుభవ పాయింట్లు) పోయి 33వ లెవెల్‌కి దిగిపోయాను.

శవం మీద ఫ్లోయింగ్ బ్లాక్ సిల్క్ శాష్ ఉంది. నాలుగు నెలలు ప్లాట్ (ఆటలో ప్లాటినం నాణేలు) కూడబెట్టి కొన్నాను. బ్యాంకులో ఇంకో కత్తి కూడా లేదు. నిద్ర పట్టడం లేదండీ.

హీలర్_అక్క (ఆదివారం, రాత్రి 11:05)

తమ్ముడూ, ముందు పరిగెత్తడం ఆపు. చచ్చిన ప్రతిసారీ ఎక్స్‌పీ పోవడం తప్ప శవం ఒక్క అడుగు కూడా దగ్గరికి రాదు. 7 రోజుల్లో మూడే గడిచాయి. అంటే తీరిగ్గా ఆలోచించడానికి టైముంది.

నిన్ను ఘూల్ ఎందుకు చూసిందో తెలుసా? మామూలు ఇన్విజిబిలిటీ శవజాతి మీద పనిచేయదు. వాటికి వేరే మంత్రం ఉంది, ఇన్విజిబిలిటీ వర్సెస్ అన్‌డెడ్. అప్పర్ గుక్‌లో బతికున్న ఫ్రోగ్లాక్‌లకి (కప్ప మనుషులకి) మొదటిది, కింద డెడ్ సైడ్‌కి రెండోది కావాలి. ఇది తెలియక చచ్చేవాళ్ళు గుక్‌లో రోజూ ఉంటారు, నీ ఒక్కడి తప్పేమీ కాదు.

ఒక సంగతి చెప్పు. చచ్చాక ఎంతసేపు ఆన్‌లైన్‌లో ఉన్నావు? శవం మరీ పాతబడకపోతే నువ్వు రావక్కర్లేదు. 49వ లెవెల్ క్లెరిక్ రిసరెక్షన్ (రెజ్, అంటే తిరిగి బతికించే మంత్రం) వేస్తే పోయిన ఎక్స్‌పీలో 90 శాతం వెనక్కి వస్తుంది. అంతకన్నా ముఖ్యం, నువ్వు ఫ్రీపోర్ట్‌లో ఉన్నా సరే స్క్రీన్ మీద అడుగుతుంది, ఒప్పుకోగానే నేరుగా శవం పక్కన తేలతావు. చాలామంది దీన్ని ఎక్స్‌పీ కోసమే అనుకుంటారు. నా దృష్టిలో శవం దగ్గరికి చేర్చడమే దాని అసలు ఉపయోగం.

గుక్_బాటసారి (ఆదివారం, రాత్రి 11:20)

అక్కా, శుక్ర శనివారాలు రెండూ కలిపి పది పన్నెండు గంటలు ఆన్‌లైన్‌లోనే ఉన్నాను. ఈ విషయం తెలియదు.

హీలర్_అక్క (ఆదివారం, రాత్రి 11:24)

అయితే రెజ్ పట్టదు. ఎక్స్‌పీ ఇచ్చే గడువు వేరు, శవం కుళ్ళే గడువు వేరు, మొదటిది చాలా తక్కువ. ఇకముందు ఎక్కడ చచ్చినా ముందు క్లెరిక్‌ని అడుగు. వెంటనే దొరక్కపోతే ఆ క్యారెక్టర్‌తో ఊరికే ఆన్‌లైన్‌లో తిరగకు.

చీకటి_మాంత్రికుడు (సోమవారం, ఉదయం 6:50)

నేను నెక్రోమాన్సర్‌ని. 39వ లెవెల్‌లో మాకు సమన్ కార్ప్స్ అనే మంత్రం వస్తుంది. నువ్వు నా గ్రూప్‌లో ఉండి నేను నిన్ను టార్గెట్ చేసి వేస్తే, శవం ఎంత లోతున ఉన్నా వచ్చి కాళ్ళ దగ్గర పడుతుంది. ఒక చిన్న శవపేటిక ఖర్చవుతుంది, అంతే.

ఒకటే షరతు. శవం ఏ జోన్‌లో ఉందో ఆ జోన్‌లోనే నువ్వూ ఉండాలి. అప్పర్ గుక్‌లో నిలబడి లోయర్ గుక్ శవాన్ని పిలవలేం. కాబట్టి నువ్వు లోయర్ గుక్ గుమ్మం దాటి లోపల నిలబడితే చాలు, కారిడార్ దాకా రానక్కర్లేదు. ఏదైనా మాబ్ (ఆటలోని రాక్షసి) వస్తే వెంటనే వెనక్కి జోన్ అయిపోవచ్చు.

చచ్చేముందు /లాక్ (నిలబడ్డ చోటు నంబర్లు చూపే కమాండ్) కొట్టావా?

వైజాగ్_మాంక్ (సోమవారం, ఉదయం 7:15)

నెక్రో అన్న చెప్పింది బాగుంది. నాది వేరే పద్ధతి, పేటిక లేనప్పుడు పనికొస్తుందని రాస్తున్నాను.

మాంక్‌కి ఫీన్ డెత్ ఉంటుంది కదా, చచ్చినట్టు పడిపోతే మాబ్‌లు మర్చిపోయి వాటి చోటికి వెళ్ళిపోతాయి. నువ్వు చాట్‌లో /కన్సెంట్ అని నా పేరు కొట్టాలి. అది లేకపోతే నీ శవాన్ని నేను ముట్టుకోలేను. తర్వాత నేను శవం దగ్గరికి వెళ్ళి టార్గెట్ చేసి /కార్ప్స్ కొడితే నా దగ్గరికి జరుగుతుంది. నాలుగడుగులు వేస్తాను, మళ్ళీ కొడతాను, మళ్ళీ నాలుగడుగులు. మాబ్ తిరిగి చూసిందంటే నేల మీద పడిపోతాను. ఒక్కోసారి ఫీన్ ఫెయిలై కింద పడ్డా అవి కొడుతూనే ఉంటాయి. అప్పుడు లేచి మళ్ళీ పడాలి. ఆ రెండు క్షణాలే టెన్షన్.

కిందటి నెల ఒక షామన్ శవాన్ని ఇలాగే తీసుకొచ్చాను. మూడు గదులు దాటడానికి నలభై నిమిషాలు పట్టింది. ఒక చోట దారికి అడ్డంగా కూర్చున్న ఘూల్ కదలనే కదలదు. పది నిమిషాలు దాని పాదాల పక్కనే చచ్చినట్టు పడి ఉన్నాను. ఆ షామన్ శవం నా పక్కన, నేను దాని పక్కన. అది కాస్త అటు తిరిగింది, లేచి ఒక్క /కార్ప్స్ కొట్టి మూల తిరిగాను. ఆ షామన్ చాట్‌లో ఏడుస్తున్న గుర్తులు పెట్టాడు. ఆ రోజు నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

పాతకాపు_డాలస్ (సోమవారం, ఉదయం 8:02)

ఈ చర్చ చూసి రాయకుండా ఉండలేకపోయాను. ఈ ఆట 1999 మార్చిలో వచ్చింది. నేను 2001లో టెక్సస్‌లో ఎం.ఎస్. చదువుతూ ఆడేవాణ్ణి. అప్పుడు ప్లేన్ ఆఫ్ ఫియర్‌కి వెళ్ళాలంటే 46వ లెవెల్ ఉండాలి, దారి ఫీరాట్ అడవిలోంచి. అడుగు పెట్టిన చోటే రాక్షసులు తిరుగుతుంటాయి. ఒకటి చూసిందంటే దాని వెనక పది వస్తాయి.

ఒక రాత్రి మా గిల్డ్ (కలిసి ఆడే జట్టు) ముప్పై మందిమి వెళ్ళి గుమ్మం దగ్గరే మొత్తం పోయాం. రెండోసారి బట్టల్లేకుండా లోపలికి వెళ్ళి, గుమ్మం దగ్గర నాలుగైదు శవాలైనా లాగి రెజ్ చేద్దామనుకుంటే మళ్ళీ పోయాం. తెల్లారి నాలుగైంది. మా లీడర్ వేరే గిల్డ్‌ని అడిగాడు. మాకూ వాళ్ళకూ పడేది కాదు, డ్రాగన్ల కోసం ఎప్పుడూ పోటీయే. అయినా వాళ్ళ రోగ్‌లు ఇద్దరు వచ్చారు. అక్కడి మాబ్‌లలో చాలావాటికి ఇన్విజిబిలిటీ కనపడిపోతుంది. రోగ్ నక్కి నడిస్తే మాత్రం కనపడదు. ఆ ఇద్దరూ గంటల తరబడి ఒక్కొక్క శవాన్నీ లాగి ఒక మూల కుప్ప పెట్టారు.

ఆ మధ్యాహ్నమే ఇంటి నుంచి ఫోన్ వచ్చింది, నాన్నకి బాగాలేదని. నేను లాగిన్ అయి నా శవం మీంచి సామాన్లు తీసుకునే లోపే ఎయిర్‌పోర్ట్‌కి బయలుదేరాను. గిల్డ్ వాళ్ళ ముందే నా శవం ఉంది కానీ అందులోంచి తీసుకునే హక్కు నాది మాత్రమే. పన్నెండో రోజు తిరిగొచ్చి చూస్తే అక్కడ ఏమీ లేదు. వారం దాటిపోయింది.

నాన్న కోలుకున్నారు, అదే నాకు కావాల్సింది. కానీ ఆ రాత్రి లాగిన్ అయి ఫ్రీపోర్ట్ బ్యాంకు ముందు ఉత్త చేతులతో నిలబడ్డప్పుడు, ఒక్కొక్కరూ వచ్చి నా ముందు ట్రేడ్ విండో తెరిచారు. ఒకరు అంగీ, ఒకరు ఉంగరం, ఒకరు వాళ్ళు వాడటం మానేసిన పాత కర్ర. నన్ను ఏమీ అడగలేదు. పోటీ గిల్డ్ రోగ్ కూడా వచ్చాడు.

కాబట్టి గుక్ తమ్ముడూ, సిగ్గుపడకుండా అడుగు. ఈ ఆటలో శవం కోసం అడిగితే కాదనేవాళ్ళు చాలా తక్కువ.

అజెరోత్_పిల్ల (సోమవారం, మధ్యాహ్నం 1:30)

నేను వావ్ (వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్) క్లాసిక్ ఆడతాను. మాకు సామాన్లు పోవు, దెయ్యంలా పరిగెత్తుకుంటూ వెళ్ళి శవం దగ్గర లేస్తే చాలు. కానీ ఆటగాళ్ళు ఒకరినొకరు చంపుకునే పీవీపీ సర్వర్లో స్ట్రాంగిల్‌థోర్న్‌లో శత్రువులు శవం మీదే కాపు కాసి కూర్చుంటారు. లేచిన ప్రతిసారీ చంపుతారు. స్పిరిట్ హీలర్ దగ్గర లేస్తే సామాన్లు 25 శాతం దెబ్బతింటాయి, పది నిమిషాలు నీరసం. నాకు బాధగానే ఉండేది కానీ మీ పోస్టులు చదివాక మాది చాలా తేలిక అనిపిస్తోంది. పన్నెండో రోజు దగ్గర కళ్ళు చెమర్చాయి పాతకాపు గారూ.

గుక్_బాటసారి (సోమవారం, రాత్రి 9:10)

పాతకాపు గారూ, మీరు రాసింది మా ఆవిడకి కూడా చదివి వినిపించాను. అందరికీ చాలా థాంక్స్.

మాంత్రికుడు అన్నా, సరిగ్గా చచ్చేటప్పుడు /లాక్ కొట్టలేదు, కానీ చాట్ లాగ్ ఆన్‌లో ఉంది. చావడానికి రెండు నిమిషాల ముందు ఎవరో అడిగితే కొట్టిన నంబర్లు ఫైల్‌లో దొరికాయి. బుధవారం ఉదయం 6కి కుదురుతుందా? అప్పుడు అమెరికా తూర్పు తీరంలో మంగళవారం రాత్రి 8:30, గుక్‌లో జనం కూడా ఉంటారు. నా సమస్య ఒక్కటే, ఆ రో ఎడారి మళ్ళీ దాటాలంటే భయంగా ఉంది.

ఆకు_పసరు (సోమవారం, రాత్రి 9:45)

ఎడారి దాటక్కర్లేదు. నేను డ్రూయిడ్‌ని. ఫ్రీపోర్ట్ బయట గ్రూప్‌లో చేరు, ఫీరాట్ రింగ్ దగ్గరికి పోర్ట్ చేస్తాను, అంటే మంత్రంతో నేరుగా అక్కడికి చేరుస్తాను. దాని పక్క జోనే ఇన్నోథూల్. స్పిరిట్ ఆఫ్ వోల్ఫ్ కూడా వేస్తాను, పరుగు మీద ఏదీ నిన్ను అందుకోలేదు. గ్రాబ్ వైపు మాత్రం పోకు, ట్రోల్ కాపలావాళ్ళు హ్యూమన్‌ని చూస్తే వదలరు. అప్పర్ గుక్ గుమ్మంలో మళ్ళీ ఇన్విజ్ వేసుకుని దిగుదాం.

హీలర్_అక్క (సోమవారం, రాత్రి 9:52)

నేనూ వస్తాను. వచ్చే దారిలో మళ్ళీ చస్తే ఆ ఎక్స్‌పీ అయినా తిరిగి ఇప్పిస్తాను.

గుక్_బాటసారి (బుధవారం, ఉదయం 7:35)

దొరికిందండీ. చేతులు ఇంకా వణుకుతున్నాయి.

ఫీరాట్ నుంచి గుక్ దాకా పది నిమిషాలు కూడా పట్టలేదు. లోయర్ గుక్‌లో జోన్ అయిన చోటే గోడకి ఆనుకుని నిలబడ్డాం. మాంత్రికుడు అన్న మంత్రం మొదలుపెట్టాడు. సగంలో ఒక ఫ్రోగ్లాక్ వచ్చి అన్నని కొట్టి మంత్రం చెడగొట్టింది. వైజాగ్ మాంక్ దాన్ని తన వైపు లాక్కుని దూరంగా వెళ్ళి పడిపోయాడు. రెండోసారి మంత్రం పడింది. నా పేరుతో ఆ శవం నా కాళ్ళ దగ్గర కనపడగానే గట్టిగా అరిచాను, పక్క గదిలో పాప లేచింది.

ఒక్కొక్కటీ క్లిక్ చేసి తీసుకున్నాను. ముందు కత్తి, తర్వాత డాలు, తర్వాత శాష్. చివరి సంచి వచ్చేదాకా నలుగురూ నా చుట్టూ కదలకుండా నిలబడ్డారు. పేటిక డబ్బు ఇవ్వబోతే మాంత్రికుడు అన్న ట్రేడ్ విండో మూసేశాడు.

బ్యాంకులో ఒక పాత కత్తి, తోలు అంగీ పెట్టేశాను. నా బైండ్ కూడా మారుద్దామని అనుకుంటున్నాను. వారియర్‌ని ఊరి జోన్లలో తప్ప బైండ్ చేయలేరట కదా, గుక్‌కి దగ్గర్లో హ్యూమన్‌ని రానిచ్చే ఊరు ఏదైనా ఉంటే చెప్పండి.

వైజాగ్_మాంక్ (బుధవారం, ఉదయం 7:50)

ఫ్రీపోర్టే ఉంచుకో. ఆకు_పసరు ఉన్నాడుగా.

కొత్తగా_వచ్చా (బుధవారం, ఉదయం 8:20)

నమస్తే. ఇక్కడే అడగొచ్చా? నేను 12వ లెవెల్ హ్యూమన్ పలాడిన్. రివర్‌వేల్ వెళ్తూ కితికోర్ అడవిలో చనిపోయాను. పగలు వెళ్ళినప్పుడు ఏమీ లేదు, ఇప్పుడు అంతా దెయ్యాలే. హ్యూమన్‌ని కదా, చీకట్లో స్క్రీన్ మీద ఏమీ కనపడటం లేదు, శవం పక్కనుంచి పోయినా తెలియదు. దారి అంచున, వెస్ట్ కామన్‌లాండ్స్ వైపు పడ్డాను.

గుక్_బాటసారి (బుధవారం, ఉదయం 8:26)

లోపలికి వెళ్ళకండి. కామన్‌లాండ్స్ వైపే ఉండి /టైమ్ కొట్టండి. ఎంత చూపిస్తోంది?

కొత్తగా_వచ్చా (బుధవారం, ఉదయం 8:28)

తెల్లవారుజాము 2 అని.

గుక్_బాటసారి (బుధవారం, ఉదయం 8:31)

ఆటలో గంటంటే మనకి 3 నిమిషాలు. ఇంకో ఇరవై నిమిషాల్లో తెల్లారిపోతుంది, దెయ్యాలు వాటంతటవే పోతాయి. మీ పేరు పంపి /కన్సెంట్ ఇచ్చి ఉంచండి. నేను ఫ్రీపోర్ట్ నుంచి బయలుదేరాను.