అప్‌డేట్: ప్రార్థనలో మనసు నిలవడం లేదని అడిగాను కదా

అందరికీ వందనాలు. ప్రార్థనలో మనసు నిలవడం లేదు, సేవ చేస్తే సరిపోతుందా అని ఇదివరకు అడిగాను. రెండింటినీ విడదీయకు తమ్ముడూ, ముందు దగ్గరున్న ఒక్క మనిషిని చూసుకో అని ఒక అక్క రాశారు. అదే పట్టుకున్నాను.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. ఇక్కడ చాలామందికి కిడ్నీ జబ్బు ఉన్న సంగతి మీకు తెలిసిందే, దానికి కారణం ఇదీ అని ఇప్పటికీ గట్టిగా తేలలేదు. మా వీధి పెద్దాయనకు వారానికి మూడుసార్లు పలాసలో డయాలసిస్. కొడుకులు వలస వెళ్లారు, నేను తోడు వెళ్తున్నాను. మెషీన్ మీద దాదాపు నాలుగు గంటలు. నీళ్లు కూడా కొలిచి తాగాలి, ఎండల్లో ఆ దాహం చూడలేం. ఆయన విశ్వాసి కాదు, నేను వాక్యం చెప్పడానికీ వెళ్లడం లేదు. 2018 తిత్లీ తుఫానులో కూలిన కొబ్బరి చెట్ల గురించి చెబుతుంటారు, వింటాను. ఆయన కునుకు తీస్తే లూకా సువార్త చదువుకుంటాను. పక్క మంచాల వాళ్ల పేర్లు తెలిశాక ప్రార్థనకు మాటలు వెతుక్కోవాల్సి రావడం లేదు.

బైబిల్లో రోమా పత్రిక 12వ అధ్యాయం మనసు మారి నూతనమవడంతో మొదలై, కాసేపటికే ఏడ్చేవారితో ఏడవమంటుంది. ఆ రెండూ ఎందుకు పక్కపక్కన ఉన్నాయో ఇప్పుడు అర్థమవుతోంది. ఇంట్లో చిరాకు పడటం తగ్గిందని అమ్మ కూడా అంది.

సంఘంలో అందరి ముందు ఈ అనుభవాన్ని సాక్ష్యంగా చెప్పమన్నారు, వద్దన్నాను. బదులుగా తోడు రమ్మని అడిగాను. యవనస్థుల్లో ఇద్దరు వంతులవారీగా వస్తామన్నారు.