ఊరి నుంచి పేషెంట్లొస్తే ఇంట్లోనే పెట్టుకోవాలా?

పెరంబూరు కోడలు: వందనాలండి. చెన్నై పెరంబూరులో మాది ఒక బెడ్‌రూమ్ ఇల్లు. మా ఆయనది ఒంగోలు వైపు. ఆ ఊరి సంఘంలో ఎవరికి ఆపరేషన్ అన్నా పినాకిని రైలెక్కి మా ఇంటికే వస్తారు. పోయిన నెల నలుగురొచ్చి పదకొండు రోజులున్నారు. హాల్లో చాపలు పరిస్తే రాత్రి బాత్రూమ్‌కి వెళ్లాలన్నా ఎవరి కాళ్లు ఎక్కడున్నాయో వెతుక్కుంటూ అడుగేయాలి. పొద్దున ఆరింటికి పేషెంట్‌కి జావ, మిగతావాళ్లకి ఇడ్లీ, ఎనిమిదికల్లా నా ఆఫీసు. ఆస్పత్రి దగ్గర గది తీస్తాం, అద్దె మేమే కడతాం అన్నాను. అత్తయ్య బైబిల్లో మత్తయి 25 తీశారు. "పరదేశినై యుంటిని, నన్ను చేర్చుకొంటిరి అన్నాడు ప్రభువు. లాడ్జిలో పెట్టితిరి అన్నాడా?" నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇంట్లోనే పెట్టుకోవడం నిజంగా మన విధేనా?

నెల్లూరు అన్న: విధే చెల్లెమ్మా. రోమా 12:13లో "శ్రద్ధగా ఆతిథ్యము ఇచ్చుచుండుడి" అని ఉంది, వీలుంటే ఇవ్వండి అని లేదు. సంఘాధ్యక్షుడు అతిథిప్రియుడై ఉండాలని తిమోతికి కూడా రాశాడు పౌలు. 2019 ఎండాకాలంలో పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం చెరువులు నాలుగూ ఎండిపోయి మెట్రోవాటర్ లారీ కోసం పడిగాపులు పడ్డాం కదా, అప్పుడే మా ఇంట్లో గూడూరు నుంచి ఒక పెద్దావిడ, ఆవిడ కొడుకు ఉన్నారు. లారీ హారన్ వినబడితే చాలు, మా ఆవిడకన్నా ముందు ఆ పెద్దావిడే బిందె పట్టుకుని దిగేది. ఇప్పటికీ పండక్కి ఫోన్ చేస్తుంది. లాడ్జి గదిలో పెట్టి ఉంటే ఆ ప్రేమ ఎక్కడిది?

విల్లివాక్కం సిస్టర్: అన్నా, మీరెన్ని బిందెలు మోశారు? అతిథులొస్తే అబ్రాహాము దూడ కోసం పరుగెత్తాడు, నిజమే. మూడు మానికల పిండి పిసకమన్నది మాత్రం భార్య శారాని. (ముసలామెకి ఓపిక ఉందో లేదో ఎవరూ అడిగినట్టు లేదు.) రమ్మనేది ఒకరు, గిన్నెలు తోమేది ఇంకొకరు అయినప్పుడు విధి ఎవరిదని అడుగుతున్నాను. పెరంబూరు అక్కా, మీ అత్తయ్యకి లూకా 10 చదివి వినిపించండి. మంచి సమరయుడు దెబ్బలు తిన్నవాణ్ణి తీసుకెళ్లింది పూటకూళ్లవాని ఇంటికే. రెండు దేనారాలిచ్చి, ఇంకేమైనా ఖర్చయితే తిరిగొచ్చేటప్పుడు తీరుస్తానన్నాడు. అది లాడ్జి కాదా?

నెల్లూరు అన్న: డబ్బులిచ్చింది మర్నాడమ్మా. ముందు కట్లు కట్టి, తన వాహనం మీద ఎక్కించి, తనే చూసుకున్నాడు. అది వదిలేసి అద్దె సంగతి ఒక్కటే పట్టుకోకండి. బిందెలు మాత్రం నేను మోయలేదు, ఒప్పుకుంటున్నా.

తాంబరం మాస్టారు: తొలి సంఘాల్లోనూ ఈ తలనొప్పి ఉండేది. 'దిదాకే' అనే పాత గ్రీకు పుస్తకం ప్రతి 1873లో కాన్‌స్టాంటినోపుల్‌లో దొరికింది. బాటసారికి చేతనైనంత సాయం చేయమంటూనే, అవసరమైతే రెండు మూడు రోజులు, అంతకు మించి ఉండకూడదంటుంది. స్థిరపడదలిస్తే పని చేసుకుని తినాలట. పేతురు "సణుగుకొనకుండ" ఆతిథ్యం చేయమన్నాడు కదా. పదకొండో రోజున సణక్కుండా ఉండటం మా ఇంట్లో అయితే ఎవరి వల్లా కాదు. గడువు ముందే చెప్పేయండి.

పెరంబూరు కోడలు: మాస్టారూ, శుక్రవారం ఇంకో ఇద్దరు వస్తున్నారట. మూడు రాత్రులు మా ఇంట్లో, తర్వాత ఆస్పత్రి పక్కన గది, భోజనం క్యారియర్ మేమే పంపుతామని మా ఆయన చేతే ఫోన్ చేయించాను. క్యారియర్ మోసేది కూడా ఆయనే. అత్తయ్యకి ఇంకా చెప్పలేదు. రేపు కుటుంబ ప్రార్థనలో లూకా 10 చదవడం నా వంతు.