చేతి గడియారం జీవగడియారాన్ని కొలవగలదా?

నిశాచరి:
రాత్రంతా నిద్రను, నాడిని, చర్మపు వేడిని నమోదు చేసే స్మార్ట్‌వాచీని నాలుగు నెలలుగా పెట్టుకుంటున్నాను. అది చెప్పిన వేళకే పడుకోవడం మొదలుపెట్టాక ఉదయపు తలబరువు తగ్గింది. ఎవరి జీవగడియారపు లయను, అంటే ఒళ్లు రోజూ నిద్ర, మెలకువలకు పాటించే వేళలను, వారు ఇలా కొలుచుకోవడమే మేలని నా వాదన.

అత్తిపత్తి:
మీ వాచీకి కనిపిస్తున్నది లయ కాదు, దాని నీడ. అసలు గడియారం మెదడులో, రెండు కంటి నరాలూ కలుసుకునే చోటికి కాస్త పైన, సుమారు 20,000 నాడీకణాల గుంపుగా ఉంటుంది. దాని వేళ తెలియాలంటే మనిషిని సాయంత్రం నుంచి మసక వెలుతురులో కూర్చోబెట్టి, అరగంటకో గంటకో లాలాజలం తీసి, రాత్రయిందని ఒంటికి తెలిపే మెలటోనిన్ అనే హార్మోన్ పెరగడం ఎప్పుడు మొదలైందో చూడాలి. మణికట్టుకు అందేవి వేడి, నాడి, కదలిక మాత్రమే. అవి దుప్పటి మందాన్ని బట్టి కూడా మారతాయి. పైగా నిద్రవేళకు ఒంటి లోపలి వేడి చేతుల మీదుగా బయటికి పోతుంది కాబట్టి, లోపల చల్లబడుతున్నప్పుడే చర్మం వెచ్చబడుతుంది. ఈ సంగతి తెలియకుండా గ్రాఫు చూసినవారు జ్వరమని కంగారుపడినా తప్పుపట్టలేం.

నిశాచరి:
అయితే నా తలబరువు తగ్గడం భ్రమేనా?

అత్తిపత్తి:
భ్రమ కాదు, కానీ ఆ మేలు చేసింది కొలత కాదు, వేళ తప్పని నిద్ర అనుకుంటాను. మనిషి సహజ లయ సగటున 24 గంటలకన్నా కొద్ది నిమిషాలు ఎక్కువ. దాన్ని రోజూ 24 గంటలకు సరిదిద్దేది ఉదయపు వెలుతురు, దానికి ఏ వాచీ అక్కర్లేదు.

తూర్పుగాలి:
ఇద్దరూ నిద్ర దగ్గరే ఆగిపోయారు. రక్తపోటు మామూలుగా నిద్రలో 10 నుంచి 20 శాతం తగ్గుతుంది; అలా తగ్గనివారికి గుండెజబ్బు, పక్షవాతం ముప్పు ఎక్కువ. పగటిపూట ఒక్కసారి చూస్తే ఇది బయటపడదు, 24 గంటలూ చేతికి రక్తపోటు కొలిచే పట్టీ ఉంచాల్సిందే. వైద్యుడి నిర్ణయాన్ని మార్చగల ఇలాంటి కొలతను నేను గట్టిగా సమర్థిస్తాను. అయితే లయ తెలిసినంత మాత్రాన చికిత్స దానంతట అదే మెరుగుపడదు. రక్తపోటు మాత్రను రాత్రి వేసుకుంటే గుండెకు ఎక్కువ రక్షణ అని చాలామంది నమ్మారు గానీ, బ్రిటన్‌లో 21,000 మందికి పైగా పాల్గొన్న ‘టైమ్’ అనే అధ్యయనంలో ఉదయం వేసుకున్నవారికీ సాయంత్రం వేసుకున్నవారికీ గుండెపోటు, పక్షవాతాల విషయంలో తేడా కనబడలేదని 2022లో వెల్లడైంది.

నిశాచరి:
సరే, రెండు వారాలు వాచీని సొరుగులో పెట్టి, అదే వేళకు పడుకుని చూస్తాను. తలబరువు తిరిగి వస్తే మళ్లీ వాదనకు వస్తాను.