విచారణకు ముందు రిపోర్టు ఇవ్వకపోవడాన్ని అప్పీలులో ఎలా వాదించాలి?

నా టర్మ్ పేపరును కృత్రిమ మేధతో రాయించానన్న ఆరోపణపై విశ్వవిద్యాలయ క్రమశిక్షణ కమిటీ ఆ సబ్జెక్టులో సున్నా మార్కులు వేసింది. నోటీసులో ఉన్నదల్లా డిటెక్టర్ (కృత్రిమ మేధ రాతను గుర్తించే సాఫ్ట్‌వేర్) ఇచ్చిన ‘72 శాతం’ అన్న అంకె ఒక్కటే. ఏ వాక్యాలను అది పట్టుకుందో తెలిపే పూర్తి రిపోర్టు కావాలని ముందే ఈమెయిల్‌లో అడిగినా ఇవ్వకుండా, తీరా విచారణలో దాన్నే తెరపై చూపి ప్రశ్నలు వేశారు. పేపరు దశలవారీగా ఎలా తయారైందో చూపే గూగుల్ డాక్స్ వెర్షన్ హిస్టరీని, చేతిరాత నోట్సును సమర్పించాను. ఇలాంటి తన డిటెక్టరునే ఓపెన్‌ఏఐ సంస్థ కచ్చితత్వం తక్కువన్న కారణంతో 2023 జులైలో ఉపసంహరించుకున్న సంగతీ చెప్పాను. నిర్ణయపత్రంలో వీటి ఊసే లేదు. క్రిమినల్ కేసులో లాగా సందేహానికి తావులేని రుజువు కావాలని నేనూ అనడం లేదు, కానీ మొగ్గు ఎటుందో తేల్చాలంటే రెండు వైపులా తూచాలి కదా. కారణాలు రాతపూర్వకంగా ఇమ్మని కోరితే అప్పీలు చేసుకోమన్నారు.

అప్పీలుకు నియమావళి ఒప్పుకునే కారణాలు మూడే: విధానలోపం, విచారణలో చూపలేకపోయిన కొత్త ఆధారం, మితిమీరిన శిక్ష. వెర్షన్ హిస్టరీ ఇప్పటికే ఇచ్చాను కనుక అది రెండోదాని కిందికి రాదు. గడువు వచ్చే శుక్రవారం సాయంత్రం 5 గంటలు.

రిపోర్టు ముందుగా ఇవ్వకపోవడాన్ని, నిర్ణయానికి కారణాలు రాయకపోవడాన్ని కలిపి ఒకే విధానలోపంగా వాదించడం మేలా, లేక రెండు వేర్వేరు లోపాలుగా పెట్టడం మేలా?