చేతిలో పట్టే గేమ్ చేస్తూ ఎలక్ట్రానిక్స్ నేర్చుకోవచ్చా?

మల్కాజిగిరి అమ్మ: మా బాబు తొమ్మిదో తరగతి. చేత్తో పట్టుకుని ఆడే చిన్న గేమ్ తనే చేస్తానంటున్నాడు. సోల్డరింగ్ (కరిగించిన లోహంతో తీగలు అతికించడం) రాదు. మొదలుపెట్టొచ్చా? సామాన్లు ఎక్కడ దొరుకుతాయి?

రేడియో తాత: తప్పకుండా మొదలుపెట్టించండమ్మా. కోఠి గుజరాతీ గల్లీకి బాబునే తీసుకెళ్ళండి, తనే అడిగి కొనాలి. ఆర్డుయినో నానో (ప్రోగ్రామ్ ఎక్కించే చిన్న బోర్డు), 128×64 చుక్కల చిన్న ఓఎల్ఈడీ తెర, పుష్ బటన్లు, బ్రెడ్‌బోర్డు (సోల్డరింగ్ లేకుండా తీగలు గుచ్చి కలిపే పలక) చాలు. పిన్నులు అతికించి ఉన్నవే అడగండి, సోల్డరింగ్ తర్వాత నేర్చుకోవచ్చు. గేమ్ కంటే ముందు ఒక్క ఎల్ఈడీ (చిన్న లైటు) వెలిగించమనండి, కరెంటును అదుపుచేసే 330 ఓమ్‌ల రెసిస్టర్‌తో. బోర్డు ఇచ్చే 5 వోల్టుల్లో ఎర్ర ఎల్ఈడీకి సుమారు 2 పోతాయి. మిగిలిన 3ని 330తో భాగిస్తే దాదాపు 9 మిల్లీఆంపియర్ల కరెంటు. ఈ లెక్క తనే కట్టాలి, మీరు చెప్పొద్దు. పాఠంలో చదివిన ఓమ్ సూత్రం అక్కడ కళ్ళ ముందు వెలుగుతుంది.

కూకట్‌పల్లి కుర్రాడు: బటన్ ఒకసారి నొక్కితే రెండు మూడుసార్లు నొక్కినట్టు వస్తుంది, టెన్షన్ పడొద్దక్కా. లోపలి రేకు అదరడం వల్ల అది. ప్రోగ్రామ్‌లో 20 మిల్లీసెకన్లు ఆగి మళ్ళీ చూస్తే సరిపోతుంది.

మల్కాజిగిరి అమ్మ: మరి బ్యాటరీ?

రేడియో తాత: ఇప్పుడే లిథియం సెల్ వద్దమ్మా, షార్ట్ అయితే ప్రమాదం. యూఎస్‌బీ కేబుల్‌తోనే నడిపించండి.