అప్‌డేట్: ల్యాప్‌టాప్ సెటప్‌కి డబ్బులు కట్టలేదు

కొత్త ల్యాప్‌టాప్ కొన్నప్పుడు షాపువాళ్లు సెటప్ సర్వీస్ అంటూ విడిగా డబ్బులు అడిగారు, కట్టాలా వద్దా అని పోయిన వారం అడిగాను కదా. కట్టలేదు. నేనే చేసుకున్నాను.

భాష, వైఫై, అకౌంట్, పిన్... విండోస్ 11 అడుగుతూ పోయింది, నేను నొక్కుతూ పోయాను. అరగంట కూడా పట్టలేదు. అసలు టైమంతా తినేసింది అప్‌డేట్లే, మూడుసార్లు రీస్టార్ట్ అయింది. ముందే వేసి ఇచ్చిన ట్రయల్ యాంటీవైరస్ తీసేస్తే విండోస్‌లోనే ఉండే డిఫెండర్ అనే యాంటీవైరస్ దానంతటదే ఆన్ అయింది. షాపువాళ్ల లిస్టులో "యాంటీవైరస్ ఇన్‌స్టాలేషన్" అని గొప్పగా రాసి ఉండటం గుర్తొచ్చి నవ్వొచ్చింది.

మీలో ఒకరు చెప్పిన బిట్‌లాకర్ రికవరీ కీ (విండోస్ లాక్ చేసిన డిస్క్‌ని అవసరమైతే మళ్లీ తెరవడానికి అడిగే నంబర్) సంగతి మాత్రం నాకు అస్సలు తెలియదు. చూస్తే డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి, అంటే వేరేవాళ్లు చదవలేనట్టు లాక్ అయి ఉంది, కీ నా మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో సేవ్ అయి ఉంది. మొత్తం 48 అంకెలు! కాగితం మీద రాసి బీరువాలో పెట్టాను. షాపువాళ్లు వాళ్ల అకౌంట్‌తో సెటప్ చేసి ఉంటే ఆ కీ వాళ్ల దగ్గరే ఉండిపోయేది, తలచుకుంటేనే టెన్షన్.

పాత కంప్యూటర్‌లోని ఫొటోలు ఇంకా మిగిలాయి. ఎక్స్‌టర్నల్ డిస్క్ పెట్టుకుని ఆదివారం కూర్చుంటాను.