పెళ్లి షూట్‌కు ఒకటే 1 టీబీ కార్డా, చిన్న కార్డులు నాలుగా?

ప్రశ్న (కరీంనగర్)
అన్నలూ, వచ్చే నెల రెండు రోజుల పెళ్లి ఒప్పుకున్న. ఫొటోలకు సోనీ ఏ7 త్రీ, వీడియోకు ఏ7 ఫోర్. మొదటి రోజు హల్దీ, సంగీత్. రెండో రోజు ఎదురుకోలు నుంచి అప్పగింతల దాకా. ముహూర్తం రాత్రి 2 దాటినంక ఉంది. ఒక్కో కెమెరాల ఒక 1 టీబీ కార్డు వేస్తే మధ్యల మార్చే బాధ ఉండదు కదా? షాపుల 200 ఎంబీ స్పీడ్ అని రాసున్న వీ30 కార్డు చూపెట్టిండు. ఇంకోటి, ఇప్పుడున్న కార్డుతోని గబగబా కొడితే కెమెరా కాసేపు ఆగిపోతంది. కొత్త కార్డుతో అది తగ్గుతదా?

జవాబు (విజయవాడ, క్యాండిడ్ ఫొటోలు)
తమ్ముడూ, ముందు ఆ 200 సంగతి చూద్దాం. అది కార్డు నుంచి చదివే వేగం. అదీ ఆ కార్డుకు సరిపడే ప్రత్యేక రీడర్‌లో పెడితేనే వస్తుంది. కెమెరాకు కావలసింది రాసే వేగం. యూహెచ్ఎస్-1 అనే నెమ్మది రకం కార్డు ఏదైనా కెమెరాలో సెకనుకు 104 ఎంబీ దాటదు, చేతికి వచ్చేది అంతకన్నా తక్కువే. కార్డు వెనక్కి తిప్పి చూడు. బంగారు రంగు పిన్నులు ఒకే వరుసలో ఉంటే యూహెచ్ఎస్-1. వాటి కింద చిన్న పిన్నులతో రెండో వరుస కూడా ఉంటే వేగంగా రాసే యూహెచ్ఎస్-2. ముందువైపు లేబుల్ మీద కూడా నిలువు గీత ఒకటుందా, రెండున్నాయా అని చూసి చెప్పొచ్చు.

కెమెరా ఎందుకు ఆగుతుందంటే: ఏ7 త్రీ సెకనుకు 10 ఫొటోలు తీస్తుంది. కంప్రెస్డ్ రా (సెన్సర్ డేటా అంతా ఉంచి, కొంచెం కుదించిన ఫొటో ఫైలు) ఒక్కోటి 25 ఎంబీ అనుకో, సెకనుకు 250 ఎంబీ వచ్చి పడుతుంది. బఫర్‌లో, అంటే కార్డుకు రాసేముందు ఫొటోలు ఆగే కెమెరా మెమరీలో, పట్టేది 89 ఫొటోలు, అంటే సుమారు 2.2 జీబీ. తలంబ్రాల దగ్గర వేలు తీయకుండా నొక్కితే తొమ్మిది, పది సెకన్లలో నిండిపోతుంది. 80 ఎంబీ వేగంతో రాసే కార్డుకు అది ఖాళీ చేయడానికి దాదాపు అర నిమిషం పడుతుంది. ఆ అర నిమిషంలో తలంబ్రాల పళ్లెం ఖాళీ. అన్‌కంప్రెస్డ్ రా పెట్టుకుంటే ఫైలు రెట్టింపు, బఫర్‌లో పట్టేవి 40 మాత్రమే. పెళ్లికి అది అనవసరం.

ఈ కెమెరాలో మెలిక ఒకటుంది. కార్డు పెట్టే మొదటి స్లాట్ యూహెచ్ఎస్-2, రెండోది యూహెచ్ఎస్-1. రెండింట్లోనూ రా రాయిస్తే నెమ్మది స్లాట్ రాసేదాకా బఫర్ ఖాళీ కాదు. ఎంత ఖరీదైన కార్డు కొన్నా ఆ డబ్బు వృథా. అందుకని ఫైల్ ఫార్మాట్ రా+జేపెగ్ పెట్టి, రికార్డింగ్ మోడ్‌లో సార్ట్ ఎంచుకో. రా మొదటి స్లాట్‌కు, జేపెగ్ రెండో దానికి వెళ్తాయి. జేపెగ్ చిన్నది కాబట్టి రెండో స్లాట్ అంతగా వెనకబడదు. రా కార్డు చేయిచ్చినా ఆల్బమ్ వేయడానికి జేపెగ్‌లు మిగులుతాయి. మొదటి స్లాట్‌లో యూహెచ్ఎస్-2 కార్డు, రెండో దాంట్లో మామూలు వీ30 చాలు. వేలు కూడా రెండు సెకన్లకోసారి తీస్తుండు.

రోజుకు 3,500 ఫొటోలు వేసుకున్నా రా 88 జీబీ అవుతుంది. దానికి 1 టీబీ ఎందుకు? 128 సరిపోతుంది. మరీ అంచు దాకా నింపడం ఇష్టం లేకపోతే 256 తీసుకో.

జవాబు (హైదరాబాద్, వీడియో ఎడిటింగ్)
వీడియోకు లెక్క వేరండి. మెనూలో కనిపించే 100ఎం, 200ఎం అనేవి మెగాబిట్లు. ఎనిమిదితో భాగిస్తేనే మెగాబైట్లు. 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 12.5 ఎంబీ, గంటకు 45 జీబీ. 200 అయితే సెకనుకు 25 ఎంబీ, గంటకు 90 జీబీ. వీ30 అంటే సెకనుకు 30 ఎంబీకి తగ్గకుండా ఆగకుండా రాస్తానని కార్డు ఇచ్చే హామీ. కాబట్టి ఈ రెండు సెట్టింగులకూ వీ30 చాలు, వీ90కి డబ్బు పోయనక్కర్లేదు. ఎక్స్ఏవీసీ ఎస్-ఐ అనే పెద్ద ఫైళ్ల వీడియో ఫార్మాట్‌లో 4కే 50పీ తీస్తే 500 ఎంబీపీఎస్, అంటే సెకనుకు 62.5 ఎంబీ. అప్పుడు వీ60 కూడా చాలదు, వీ90 గానీ మొదటి స్లాట్‌లో సీఎఫ్‌ఎక్స్‌ప్రెస్ టైప్ ఏ అనే ఇంకా వేగమైన వేరే రకం కార్డు గానీ కావాలి. మూడు గంటల వ్రతాన్ని ఆ సెట్టింగ్‌లో తీసి ఎడిటర్‌కు పంపేవాళ్లను చూస్తే ఎడిటర్ మీద జాలేస్తుంది.

రెండో రోజు ఆరు గంటల ఫుటేజీ 100లో తీస్తే 270 జీబీ. 256 కార్డులు రెండుంటే సరి. 1 టీబీ వద్దనడానికి నా కారణం కాపీ టైము. నిండిన 1 టీబీ కార్డును సెకనుకు 90 ఎంబీ వేగంతో దింపితే మూడు గంటలు దాటుతుంది. 256 అయితే 50 నిమిషాలు. ఎదురుకోలు అయ్యాక భోజనాల వేళ ఒక కార్డు తీసి ల్యాప్‌టాప్‌కు ఎక్కించుకోవచ్చు. రీడర్ మాత్రం యూఎస్‌బీ 3ది కొనండి. పాత యూఎస్‌బీ 2 రీడర్ 35 ఎంబీ దగ్గర ఆగిపోతుంది, అప్పుడు 256కే రెండు గంటలు.

జవాబు (వరంగల్, డేటా రికవరీ)
కార్డులు మార్చుకోమని ఇద్దరూ తేలికగా అంటున్నారు గానీ, నా లెక్కలో అసలు ప్రమాదం అక్కడే ఉంది. కార్డు చెడిపోవడం కన్నా జారిపోవడం, నిండిన కార్డును ఖాళీదనుకుని ఫార్మాట్ కొట్టడం ఎక్కువ. రాత్రి రెండింటికి, నిద్ర కళ్లతో, మండపం పక్కన చీకట్లో మార్చేటప్పుడు జరిగేది అదే. రెండు స్లాట్లున్న కెమెరాలో కార్డు పోతే ఏమిటన్న భయానికి మందు రెండో కార్డే, చిన్న కార్డు కాదు. ఏ7 ఫోర్‌లో రెండూ యూహెచ్ఎస్-2 స్లాట్లే కనుక, రెండింట్లో 512 వేసి సైమల్టేనియస్ రికార్డింగ్ (రెండు కార్డుల్లోనూ ఒకేసారి రాసేది) పెట్టండి. పెళ్లి అయ్యేదాకా కార్డు తలుపు తెరవక్కర్లేదు. రెండూ ఒకే సైజు ఉండాలి, లేకపోతే చిన్నది నిండగానే రికార్డింగ్ ఆగుతుంది.

చిన్న కార్డులే వాడతానంటే పెట్టెలో ఒక కట్టుబాటు పెట్టుకోండి. ఖాళీవి లేబుల్ పైకి, నిండినవి పిన్నులు పైకి. నిండిన దానికి పక్కనున్న లాక్ కిందికి జరపండి, కెమెరా దాని మీద రాయదు, ఫార్మాట్ కొట్టదు.

ఇక పాడయ్యేది ఎందుకంటే, ఈ కార్డుల్లో ఫైళ్లను అమర్చే పద్ధతి ఎక్స్‌ఫ్యాట్‌కు జర్నల్, అంటే మధ్యలో ఆగిన పనిని సరిచేసుకునే చిట్టా, ఉండదు. ఎర్ర లైటు వెలుగుతుండగా బ్యాటరీ పీకినా, కార్డు లాగినా, ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టిక సగంలో ఆగిపోతుంది. అలా జరిగితే ఇంకొక్క ఫొటో కూడా తీయకండి, కెమెరా ఫార్మాట్ అడిగితే ఒప్పుకోకండి. కార్డు పక్కన పెట్టి తర్వాత ఫొటోరెక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ప్రయత్నించవచ్చు. ఫొటోలు చాలావరకు వస్తాయి. పెద్ద వీడియోలు ముక్కలుగా రాసి ఉంటే అది అతికించలేదు. కంప్యూటర్‌లో పెట్టి ఒక్కో ఫైలు డిలీట్ చేయడం కూడా మానండి. దింపుకోవడం అయ్యాక, రెండు వేరు డిస్కుల్లో కాపీ ఉందని చూసుకున్నాక, వాడబోయే కెమెరాలోనే ఫార్మాట్ చేయండి.

ప్రశ్నించినవారు
అర్థమైంది అన్నా. ఫొటోలకు యూహెచ్ఎస్-2 128లు రెండు, వీ30 128లు రెండు ఆన్‌లైన్ల ఆర్డర్ పెట్టిన. వీడియోకు 512 జత ఇంకా రావాలె. దగ్గరున్న వీ30 256 ఒకటి కంప్యూటర్ల పెడితే 238 జీబీనే చూపిస్తంది. డూప్లికేటా?

జవాబు (వరంగల్)
238 చూపించినంత మాత్రాన డూప్లికేట్ కాదు తమ్మీ. కంపెనీ 256 జీబీ అంటే 25,600 కోట్ల బైట్లు లెక్కేస్తుంది. విండోస్ 1024తో భాగించుకుంటూ పోయి అదే లెక్కను 238 అంటుంది. అట్లనే 128ది 119, 512ది 476, 1 టీబీది 931 చూపిస్తుంది. కానీ డూప్లికేట్ కార్డు కూడా 256కు సరిగ్గా 238 చూపించి మోసం చేస్తుంది. లోపల 32 జీబీ చిప్పే ఉండి, అది నిండాక పాతవాటి మీదే రాసుకుంటూ పోతుంది, లేదా రాసినట్టు నటిస్తుంది. షూట్ చేస్తున్నంతసేపు ఏమీ తెలియదు. ఇంటికొచ్చి చూస్తే ఫైలు పేర్లు ఉంటాయి, తెరుచుకోవు.

కొత్త కార్డు ప్రతిదీ షూట్‌కు ముందే పరీక్షించు. విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, మ్యాక్ లేదా లినక్స్‌లో ఎఫ్3. ఖాళీ కార్డు పెట్టి, కార్డు డ్రైవ్‌ను ఎంచుకుని, ఖాళీ స్థలం మొత్తం అనే ఆప్షన్ పెట్టి, రాసి సరిచూడమను. 256 కార్డుకు 80 ఎంబీ వేగంతో రాయడానికే 53 నిమిషాలు, చదవడానికి ఇంకో అంత. సగం దాకా నడిపి బాగానే ఉందని ఆపకు, దొంగతనం ఉండేది చివర్లోనే. తప్పుల్లేవని వస్తే కెమెరాలో ఫార్మాట్ చేసి వాడుకో. డేటా పోయిందని వస్తే ఆ స్క్రీన్ ఫొటో తీసి, రిటర్న్ గడువు దాటకముందే వెనక్కి పంపు. ఆ పరీక్ష చూపే రాసే వేగం కూడా నోట్ చేసుకో. వీ30 కార్డు 30 కన్నా కింద ఉంటే, ముందు రీడర్ మార్చి చూసి, అప్పటికీ అంతే ఉంటే దాన్ని వీడియోకు వాడకు.

జవాబు (విజయవాడ)
ఇంకొకటి, మొదటి రోజు హల్దీ ఉందన్నావు. పసుపు చేతుల్తో కార్డు తలుపు తెరవకు. మెత్తటి పొడి పిన్నుల మధ్య ఇరుక్కుంటే కెమెరా కార్డు లేదంటుంది. ఆ రోజుకు పెద్ద కార్డు వేసి తలుపు మూసే ఉంచు. ఈ ఒక్కదాంట్లో వరంగల్ అన్న మాటే నా మాట.